బావ చేతి గడియారం

మేస్త్రీకి గుండెపోటు వచ్చినప్పుడు ఆయన భుజం మీద ఒక తలుపు ఉంది.

రెండో అంతస్తుకు ఎక్కిస్తున్న తలుపది. పైకొస ఆయన పట్టుకున్నాడు, కిందికొస బావమరిది పట్టుకున్నాడు. మెట్ల మలుపు దగ్గర మేస్త్రీ ఆగిపోయాడు. “ఏంటి బావా, అప్పుడే ముసలాడివైపోయావా?” అని కిందనుంచి బావమరిది ఎగతాళి చేశాడు. జవాబు రాలేదు. ఉన్నట్టుండి బరువంతా కిందివాడి మీదికి జారింది. అతను తలుపును గోడకి ఆనించి, సందులోంచి పైకి దూరి, బావను వీపున వేసుకుని మెట్లు దిగాడు. చెక్కలు తెచ్చే వ్యానులోనే ఆస్పత్రికి చేర్చాడు. రెండు స్టెంట్లు వేశారు. మేస్త్రీ బతికాడు.

ఆ బావమరిదిని అందరూ మేకు అంటారు. చిన్నప్పుడు సన్నగా, నిటారుగా, తల మాత్రం పెద్దగా ఉండేవాడు. ఆ పేరు పెట్టింది బావే. నలభై దగ్గరపడుతున్నా పేరు ఊడలేదు. “దిగిన మేకు ఊడుతుందా?” అనేవాడు తనే. పెళ్ళి చేసుకోలేదు. అక్కాబావల ఇంటి మేడ మీది గదిలో ఉంటాడు, బావతో కలిసి వడ్రంగిపని చేస్తాడు. నోరు ఊరుకోదు. పనికి పిలిచినవాళ్ళు తలుపు ఎలా ఉందో మర్చిపోతారు కానీ, మేకు ఏమన్నాడో పదిమందికీ చెప్పుకుంటారు.

అతని అక్క కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం ఆమె పని. వీధిలో అందరికీ అద్దాలమ్మ. తల్లి పోయేనాటికి తమ్ముడికి నడక కూడా సరిగ్గా రాలేదు, ఆమెకు పన్నెండేళ్ళు. చంకనేసుకుని పెంచింది. మేస్త్రీ పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే: “నాతోపాటు వీడూ వస్తాడు.” మేస్త్రీ ఆ పిల్లాణ్ణి ఎగాదిగా చూసి, “పెళ్ళికి ముందే కొడుకు పుట్టాడనుకుంటాలే” అన్నాడు. ఆ మాట మీద ఆయన ఎన్నడూ వెనక్కి తగ్గలేదు.

ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరు, “కొన్ని వారాలు పోయాక నెమ్మదిగా పని మొదలుపెట్టొచ్చు” అన్నాడు. మేస్త్రీకి ‘మొదలుపెట్టొచ్చు’ అన్నది వినబడింది. అద్దాలమ్మకు ‘నెమ్మదిగా’ అన్నది వినబడింది. అక్కడ మొదలైంది గొడవ.

వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న కూతురు సెలవు పెట్టి వచ్చి, తిరిగి వెళ్ళేముందు తండ్రి చేతికి ఒక స్మార్ట్‌వాచ్ కట్టింది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది లెక్కపెడుతుంది, ఆ అంకె తల్లి ఫోనులో కనిపించేలా, ప్రమాద సూచనలు తన ఫోనుకూ వచ్చేలా ఏదో యాప్ పెట్టింది. “ఊరికే ధైర్యం కోసం అమ్మా. అస్తమానం చూస్తూ కూర్చోకు” అని మరీ మరీ చెప్పింది.

అద్దాలమ్మ అస్తమానం చూస్తూనే కూర్చుంది.

దుకాణంలో ఆమె బల్ల కిటికీ పక్కన ఉంటుంది. బల్ల మీద చిన్న చిన్న స్క్రూల డబ్బా, సన్నని పటకారు, మెత్తని గుడ్డ. ఇప్పుడు వాటి పక్కన ఫోను చేరింది. ఒక అద్దం బిగిస్తే ఒకసారి, ఒక స్క్రూ తిప్పితే ఒకసారి ఫోను వైపు చూసేది. డెబ్బై రెండు. డెబ్బై అయిదు. తొంభై దాటితే చేతిలో పని ఆగేది. నూరు దాటితే ఫోను చెవి దగ్గరికి వెళ్ళేది.

“ఏం చేస్తున్నారు?”

“కూర్చున్నా.”

“కూర్చుంటే నూట ఎనిమిదా?”

“కూర్చుని నీతో మాట్లాడుతున్నా కదా, అందుకే.”

మొదట్లో ముగ్గురూ నవ్వుకున్నారు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశారు. మెట్లెక్కితే ఫోను, చిత్రిక పడితే ఫోను, దగ్గితే ఫోను. ఒకసారి ఎవరితోనో ఫుట్‌బాల్ గురించి వాదిస్తుంటే కూడా ఫోను మోగింది. కోపమొచ్చి మేస్త్రీ ఒకరోజు గడియారం విప్పి అల్మారాలో పడేశాడు. తెరమీద అంకె మాయమయ్యేసరికి అద్దాలమ్మకు ప్రాణం పోయినంత పనైంది. చెప్పులు కూడా వేసుకోకుండా దుకాణం నుంచి మూడు వీధుల అవతలున్న మేస్త్రీ వర్క్‌షాపుకు పరిగెత్తింది. గుమ్మంలో నిలబడి రొప్పుతున్న ఆమె పాదాలు చూశాక మేస్త్రీ మారుమాట్లాడకుండా మళ్ళీ కట్టుకున్నాడు.

“పోనీలే బావా,” అన్నాడు మేకు, ఆమె వెళ్ళిపోయాక. “లోకంలో ఎంతమంది మొగుళ్ళ గుండెలు పెళ్ళాం చేతిలో ఉంటాయి? నీది అక్షరాలా ఉంది.”

మేస్త్రీ నవ్వలేదు. ఆయన బాధ వేరు. ఇద్దరు చేసే పని ఇప్పుడు ఒక్కడు చేస్తున్నాడు. ఒప్పుకున్న పనులు ఒప్పుకున్నట్టే ఉన్నాయి. దుంగలు దించేది మేకే, కోసేది మేకే, భుజానికెత్తేది మేకే. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని, “అక్కడ కొంచెం తియ్యి, ఇక్కడ కొంచెం ఉంచు” అని చెప్పాలి, అంతే. ముప్ఫై ఏళ్ళు చేత్తో చేసిన పని నోటితో చేయడం ఆయనకు తినేదాంట్లో రాయి తగిలినట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం వ్యానులో టేకు పలకలు వచ్చాయి. మేకు ఒక్కడే మోస్తున్నాడు. నాలుగో పలక మోసుకొస్తూ గుమ్మం దగ్గర ఆగి, గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పెదవులు పాలిపోయాయి.

“ఏమైందిరా?” అన్నాడు మేస్త్రీ లేచి.

“ఏం లేదు బావా. టేకు వాసన పీలుస్తున్నా. మంచి సరుకు.”

మేస్త్రీ గబగబా వచ్చి, ఆ పలక కొస తను అందుకుని కింద పెట్టించాడు. బావమరిది చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. తన చేతి గడియారం విప్పి అతని చేతికి కట్టాడు.

“ఇదేంటి?”

“ఒక అరగంట నువ్వు కూర్చో. నువ్వు కూర్చుంటే మీ అక్క నేను కూర్చున్నాననుకుంటుంది. నేను చిత్రిక పడతా. డాక్టరు చిన్న పనులు చేసుకోమన్నాడు, నీకూ తెలుసు. మీ అక్కే వినదు.”

మేకుకు ఆ ఆలోచన తెగ నచ్చింది. “అంటే నా గుండె నీకు అద్దెకిస్తున్నానన్నమాట. సరే గానీ బావా, ముందే చెప్తున్నా, గోడలకి మేకులు కొట్టకూడదు.”

చాన్నాళ్ళ తర్వాత మేస్త్రీ కడుపుబ్బ నవ్వాడు. ఆ రోజు ఆయన ఒక తలుపు రెక్క అంచు నున్నగా చేశాడు. రేకుల్లా లేస్తున్న చెక్కపేళ్ళు చూస్తుంటే ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలసట రాలేదు. మర్నాడూ అదే చేశారు. ఇక అది ఇద్దరి మధ్యా అలవాటైపోయింది. భోజనాలయ్యాక గడియారం చెయ్యి మారేది. బావ పనిచేసేవాడు, బావమరిది గోడకు చేరబడి కబుర్లు చెప్పేవాడు.

అటు అద్దాలమ్మ ఊపిరి పీల్చుకుంది. మధ్యాహ్నాలు అంకె అరవైల్లో కదలకుండా ఉంటోంది. ‘ఆయన దారికొచ్చారు, భోజనం చేసి నడుం వాలుస్తున్నారు’ అనుకుంది. ఎప్పుడైనా అంకె ఒక్కసారి ఎగిరి మళ్ళీ పడిపోయేది. ఫోను అందుకునేలోపే సర్దుకునేది. కల ఏదో వచ్చి ఉంటుందనుకుంది. దుకాణం యజమానురాలు కూడా, “ఈ మధ్య నీ చేతుల వణుకు తగ్గింది” అంది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె బల్ల మీది ఫోను కీచుమంది. తెరమీద ఎర్రటి గుర్తు. గుండె లయ సరిగ్గా లేదన్న సూచన. ఆమె చూస్తుండగానే అంకె యాభై నాలుగు అయింది, నూట ముప్ఫై అయింది, ఎనభైకి దిగింది, మళ్ళీ నూట నలభై దాటింది. ఎవరో మెట్లమీద పైకీ కిందికీ గెంతుతున్నట్టుంది. చేతిలోని అద్దం ఎక్కడ పెట్టిందో ఆమెకు తెలియదు. మూడు వీధులూ పరిగెత్తింది. మేస్త్రీ నంబరుకు చేస్తుంటే మోగుతోంది, ఎత్తడం లేదు. దారిలో ఎదురైన మనుషులందరూ ఆమెకు అడ్డం వస్తున్నట్టే అనిపించింది. సందు మలుపులో ఒక సైకిలు తగిలి మోకాలు చీరుకుపోయింది. అదీ తెలియలేదు. నేలమీద పడి ఉన్న భర్తను ఆమె మనసు అప్పటికే చూసేసింది.

వర్క్‌షాపు తలుపు తోసింది. మేస్త్రీ నేలమీద లేడు. నిలబడి, చొక్కా చేతులు మడిచి, రంపం కోత చప్పుడులో ఫోను కూడా వినబడకుండా, చెమటోడ్చి పలక కోస్తున్నాడు. మేకు గోడకు చేరబడి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అతని చేతికి గడియారం ఉంది.

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పలకల మీద కూలబడింది.

“అక్కా, నేను చెప్తాను విను...” అని మేకు లేచాడు.

“చెప్పు. మీ బావ చచ్చిపోయాడనుకుని వచ్చాను. నువ్వు చెప్పు, వింటాను.”

“అది కాదు...” అన్నాడు మేస్త్రీ.

“మీరు మాట్లాడకండి.” ఆమె చెయ్యెత్తి ఆపింది. “ఇన్నాళ్ళూ నేను చూసింది మిమ్మల్ని కాదన్నమాట. నేను ఒక్కో అంకె చూసి ఒక్కో దేవుడికి మొక్కుకుంటుంటే మీరిద్దరూ ఇక్కడ కూర్చుని నవ్వుకుంటున్నారు.”

“ఎవరూ నవ్వుకోలేదే. వాడు అలసిపోతున్నాడని...”

“మరి ఆ ఎగిరే అంకెలేంటి? నా గుండె ఆగిపోవాలని చేశారా?”

మేస్త్రీ బావమరిది మణికట్టు వైపు చూశాడు. పట్టీ ఆఖరి రంధ్రంలో పెట్టినా గాజులా వేలాడుతోంది. “వీడి చెయ్యి పుల్లలా ఉంది కదా. వదులై అటూ ఇటూ జరిగింది. పిచ్చి లెక్కలు చూపించి ఉంటుంది” అన్నాడు.

“పెళ్ళికాని గుండె కదక్కా, కుదురుగా ఉండదు” అన్నాడు మేకు.

ఆమె లేచి తమ్ముడి భుజం మీద ఒక్కటి వేసింది. చిన్నప్పుడు కూడా అతన్ని కొట్టలేదు. గడియారం విప్పించి, భర్త చేతికి తనే బిగించి, కుంటుకుంటూ వెళ్ళిపోయింది. మోకాలి నుంచి రక్తం కారుతోందని వాళ్ళిద్దరూ అప్పుడు చూశారు.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఇద్దరితోనూ మాట్లాడలేదు. భోజనం వడ్డించేది, గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టేది. మేకు మేడ దిగి వచ్చి వాకిట్లో నిలబడి రకరకాల వేషాలు వేసేవాడు. ఆమె మొహం తిప్పుకునేది. కూతురికి కూడా ఆ సూచన తన ఫోనులో కనిపించి కంగారుగా అడిగితే, “నాన్న బాగున్నారు. గడియారం వదులై తప్పు చూపించింది” అని ముక్తసరిగా చెప్పి ఊరుకుంది. జరిగింది చెప్పుకోవడం ఆమెకు చిన్నతనమనిపించింది.

మూడో రోజు పొద్దున ఆమె దుకాణం ముందు నిలబడి షట్టరు ఎత్తుతుండగా కూతురు ఫోను చేసింది.

“అమ్మా, నాకొకటి అర్థం కావట్లేదు. గడియారం వదులేంటి? నాన్న చేతికి సరిపోయే పట్టీ నేనే ఏరి కొన్నాను.”

ఇక దాచలేక అద్దాలమ్మ అంతా చెప్పింది. చెబుతుంటే కోపం మళ్ళీ కొత్తగా వచ్చింది. కూతురు నవ్వుతుందనుకుంది. కూతురు నవ్వలేదు.

“మధ్యాహ్నాలు మామయ్య పెట్టుకున్నాడా? రోజూనా?”

“రోజూ. నీ తండ్రి, మామయ్య ఇద్దరూ కలిసి...”

“అమ్మా, ఆగు. ఫోను తియ్యి. పాత రోజులవి ఉంటాయి. మధ్యాహ్నాలు మాత్రం చూడు.”

అద్దాలమ్మ షట్టరు సగంలో వదిలేసి, మెట్టుమీద కూర్చుని, కూతురు చెప్పినచోట వేలుతో నొక్కుకుంటూ వెళ్ళింది. పొద్దుటి గుండె గీత నిదానంగా వెళ్తోంది. రాత్రి గీతా అంతే. మధ్యాహ్నం కొంతమేర మాత్రం పిచ్చిగీతలు. అన్ని రోజులూ కాదు. కానీ వారానికి మూడు నాలుగుసార్లు ఉన్నాయి. గడియారం తిరిగి భర్త చేతికి వచ్చేసరికి గీత మళ్ళీ నిదానమవుతోంది.

“వదులు వల్ల కూడా కావచ్చమ్మా,” అంది కూతురు. గొంతు మెల్లగా ఉంది. “అది జబ్బో కాదో గడియారం తేల్చలేదు. డాక్టరు చూడాలి. మామయ్యకి ఆయాసం లాంటిదేమైనా ఉందా?”

ఆ ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని అద్దాలమ్మకు అప్పుడు తెలిసింది. భర్త గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పగలదు. తమ్ముడు ఈ మధ్య సరిగ్గా తింటున్నాడో లేదో చెప్పలేకపోయింది. మేడ మెట్లు ఎక్కేటప్పుడు సగంలో ఆగుతున్నాడు. అది చూసింది. తనను నవ్వించడానికి ఆగుతున్నాడనుకుంది.

యజమానురాలికి చెప్పి, నేరుగా వర్క్‌షాపుకు వెళ్ళింది.

మేకు ఒక తలుపుచట్రం అతుకుల్లో జిగురు పూస్తున్నాడు. మేస్త్రీ అవతల మూల పాలిష్ డబ్బా కలుపుతున్నాడు. అక్కను చూసి మేకు మొహం వెలిగిపోయింది.

“రెండు రోజుల ఎండ తర్వాత వాన వచ్చింది! బావా, చూడు, అక్క నా వైపే చూస్తోంది.”

“చెయ్యి ఇటివ్వు.”

“కొడతావా?”

“ఇవ్వరా.”

జిగురు చెయ్యి చొక్కాకు తుడుచుకుని ఇచ్చాడు. ఆమె మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టింది. రెండు దెబ్బలు గబగబా కొట్టుకుని, ఒకటి జారిపోయింది. తర్వాత ఏమీ లేదు. తర్వాత నాలుగు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. ఆమె వేళ్ళు తీయలేదు.

“ఎన్నాళ్ళనుంచి?”

మేకు పరిహాసానికి నోరు తెరిచి, ఆమె కళ్ళు చూసి మూసుకున్నాడు. “చాన్నాళ్ళయింది,” అన్నాడు. “బావకి రాకముందు నుంచే. లోపల పిట్టేదో రెక్కలు కొట్టుకున్నట్టుంటుంది. కాసేపటికి పోతుంది. మళ్ళీ వస్తుంది.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఎలా చెప్పనక్కా? ఇంట్లో ఒక గుండెకే నీకు తెల్లార్లూ నిద్ర లేదు. నా పిట్ట కూడా ఎగురుతోందని చెప్తే ఏమైపోతావ్?”

మేస్త్రీ డబ్బా కింద పెట్టేశాడు. మెల్లగా వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు.

“పద,” అంది అద్దాలమ్మ. “ఇప్పుడే ఆస్పత్రికి.”

“వెళ్దాం. జిగురు పూసేశాను, ఆరిపోతే చట్రం పాడవుతుంది. ఈ మూలలు బిగించేసి వస్తా. ఎంతసేపు!”

పని సగంలో వదలడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఆమె ఊరుకుంది. మేస్త్రీ ఒకవైపు పట్టుకున్నాడు, మేకు మరోవైపు అతుకును నొక్కిపట్టే క్లాంపు తిప్పుతున్నాడు. అన్నీ అయిపోయి, ఆఖరి మూల దగ్గర అతని చేతిలోంచి క్లాంపు జారి నేలమీద పడింది. వంగి తీయబోయాడు. కుడిచెయ్యి దాని పక్కనుంచి పోయింది కానీ, దాన్ని పట్టుకోలేదు. తలెత్తి అక్క వైపు చూశాడు. నోరు ఒక పక్కకు వంకర తిరిగి ఉంది.

“చాల్లేరా నీ వేషాలు,” అన్నాడు మేస్త్రీ. “ఇది నవ్వే టైమా?”

మేకు ఏదో అన్నాడు. మాటలు కావవి. నోట్లో దూది కుక్కినట్టు ఒక చప్పుడు. ఆ చప్పుడు విని అతనే భయపడ్డాడు. అతని కళ్ళలో భయం చూశాక ఇద్దరికీ అర్థమైంది. అద్దాలమ్మ పరిగెత్తి తల పట్టుకునేలోపు అతను చట్రం మీదికి ఒరిగిపోయాడు.

ఇప్పుడు మోయవలసింది మేస్త్రీ. ఆమె వద్దనలేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని వ్యాను వెనక పలకల మీద పడుకోబెట్టారు. మేస్త్రీ వ్యాను నడుపుతుంటే, దారి పొడుగునా ఆమె తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, “నాతో మాట్లాడకపోయినా పర్లేదు, నావైపు చూడు. నావైపే చూడు” అంటూనే ఉంది. భర్త చేతి గడియారం అంకె ఎక్కడికి ఎక్కిందో ఆమె చూడలేదు. ఫోను ఆమె సంచిలో మోగుతూనే ఉంది.

ఆస్పత్రిలో పక్షవాతం అన్నారు. ఎప్పుడు మొదలైందని అడిగితే, “నా కళ్ళముందే, ఇందాకే” అని ఆమె చెప్పగలిగింది. అందుకే గడ్డను కరిగించే మందు వెంటనే ఎక్కించగలిగామని డాక్టరు చెప్పింది. ఆవిడ వయసులో చిన్నది, మాట నెమ్మది. గుండె లయ తప్పి కొట్టుకుంటే లోపల రక్తం నిలిచి గడ్డకడుతుందని, ఆ గడ్డ మెదడుకు వెళ్ళిందని వివరించింది. ఇంతకుముందు ఏమైనా సూచనలు కనిపించాయా అని అడిగింది. అద్దాలమ్మ ఫోను తీసి చూపించింది. డాక్టరు గీతలు చూస్తూ, పైన ఉన్న పేరు చదివి ఆగింది.

“ఇది పేషెంటుది కాదే. ఎవరిది?”

“పేరు మా ఆయనది,” అంది అద్దాలమ్మ. “గుండె మా తమ్ముడిది.”

డాక్టరు ఫోను తిరిగి ఇచ్చింది.

“రెండు రోజుల కిందట తెచ్చి ఉంటే?” అని అద్దాలమ్మే అడిగింది.

“మందులు మొదలుపెట్టేవాళ్ళం. అప్పుడు కూడా వచ్చేదో రాదో నేను చెప్పలేను,” అంది డాక్టరు. “ఈ రోజు మీరు పక్కన లేకపోతే ఏమయ్యేదో మాత్రం చెప్పగలను.”

ఆ మాటలో ఓదార్పు ఉంది. కానీ అద్దాలమ్మ ఆ రెండు రోజులనూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, వసారాలో బెంచీ మీద కూర్చుంది. మేస్త్రీ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చేతులకు ఇంకా పాలిష్ మరకలు ఉన్నాయి.

“నా పని వాడు మోశాడు,” అన్నాడు ఆయన. “నన్ను కూడా వాడే మోశాడు. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డప్పుడు నా కళ్ళతో చూశాను. అలిసిపోయాడనుకున్నానే గానీ...”

“మీరు కనీసం చూశారు,” అంది ఆమె. “కూర్చోబెట్టారు. నేను కొట్టాను.”

ఆయన గడియారం పట్టీ విప్పబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉంచుకోండి. మందులు వేసుకున్నారా పొద్దున?”

“వేసుకున్నా.”

“అయితే వచ్చి కూర్చోండి. ఇద్దర్నీ నేను ఒక్కదాన్నే మోయలేను.”

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపటి వరకు వాళ్ళిద్దరూ మేకు ఉన్న గది తలుపు వైపే చూస్తూ ఉన్నారు.

మేకు బతికాడు. కుడికాలు కొంచెం ఈడుస్తాడు. కుడిచేతి వేళ్ళకు పట్టు రాలేదు. రక్తం పలచబడే మాత్రలు జీవితాంతం వేసుకోవాలన్నారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ మాటకు తగిలింది. ఎదుటివాళ్ళు అన్నది అంతా అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది బయటికి రాదు. కుర్చీ చూపించి ఇదేమిటని అడిగితే, పెదవులు కదిలించి కదిలించి, చెమట పట్టి, “సబ్బు” అనేవాడు. తప్పు అన్నానని తెలిసి తల గోడకు కొట్టుకోబోయేవాడు. మాట నేర్పడానికి వచ్చే ఆవిడ, “కోపం మంచిదే. కోపంలో ఒక్కోసారి మాట దొర్లుతుంది” అంది. నిజమే. మొదట దొర్లిన మాట ఒక బూతు. అది విని మేస్త్రీ బయటికెళ్ళి ఏడ్చాడు.

అద్దాలమ్మ దుకాణంలో సగంపూట పని అడిగి తీసుకుంది. తమ్ముణ్ణి మేడమీది నుంచి కింది గదిలోకి దించారు. అక్కను పిలవాలనుకుంటే అతనికి “అమ్మ” అని వచ్చేది. మొదట్లో ఆమె, “అక్క అనాలి, అ-క్క” అని దిద్దేది. అతను ప్రయత్నించి మళ్ళీ “అమ్మ” అనేవాడు. మాట నేర్పే ఆవిడ దీన్ని కూడా ఒక తప్పుగా రాసుకోబోతే, “దాన్ని వదిలెయ్యండి” అంది అద్దాలమ్మ.

మేస్త్రీని మొదట చూసిన డాక్టరు మళ్ళీ పరీక్షించి, ఎంత బరువు ఎత్తవచ్చో, ఎంతసేపు పనిచెయ్యవచ్చో విడమరిచి చెప్పాడు. ఈసారి భార్యాభర్తలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారు. బరువులకు ఒక మనిషిని పెట్టుకున్నారు. ఫోను ఇప్పుడు ఆమె బల్ల మీద ఉండదు, సంచిలో ఉంటుంది. తీసి చూడాలని చెయ్యి వెళ్తుంది. ఒక్కోసారి చూస్తుంది, ఒక్కోసారి తన చేతిని తనే వెనక్కి తీసుకుంటుంది.

చలి తగ్గాక మేకును వర్క్‌షాపుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఎడమచేత్తో ఉప్పుకాగితం రుద్దేవాడు. గంటకు జానెడు మేర నున్నగా అయ్యేది. ఎవరూ తొందరపెట్టలేదు. వచ్చినవాళ్ళు మొదట్లో అతనితో గట్టిగా, చెవిటివాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. తర్వాత అసలు మాట్లాడటమే మానేసి మేస్త్రీతోనే మాట్లాడేవాళ్ళు. మేకు తల దించుకుని చెక్క రుద్దుకునేవాడు.

ఒకరోజు అద్దాలమ్మ టీ తీసుకుని వెళ్ళేసరికి, వీధి తలుపు కోసం ఎన్నాళ్ళుగానో తిరుగుతున్న ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేస్త్రీ లోపల ఎక్కడో ఉన్నాడు.

“ఏమయ్యా,” అన్నాడు పెద్దాయన, మేకును చూసి, మామూలు గొంతుతోనే. “నా తలుపు ఎప్పుడిస్తారో నువ్వైనా చెప్పు. ఒకటే మాట.”

మేకు తలెత్తాడు. పెదవులు బిగించాడు. మెడనరాలు ఉబ్బాయి. అద్దాలమ్మ సాయం వెళ్ళబోయి ఆగింది. పెద్దాయన కూడా తొందరపడలేదు, గొడుగు మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. బయట ఏదో బండి వచ్చింది, వెళ్ళింది.

“రే...” అన్నాడు మేకు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. “రే...పు.”

వడ్రంగి ‘రేపు’ అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఎవరున్నారు? పెద్దాయన ఒక్క క్షణం అలాగే చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. “అదీ! ఇప్పుడు నమ్మకం కలిగింది. మీ పనివాళ్ళ మాటే ఇది” అన్నాడు. లోపలినుంచి మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. మేకు మొహంలో ఎడమవైపు మొత్తం నవ్వింది, కుడివైపు కొంచెం.

“ఇంకోసారి అనరా,” అన్నాడు మేస్త్రీ. “నేను వినలేదు. ఇంకొక్కసారి.”

మేకు ప్రయత్నించాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, వేరే ఏదో మాట వచ్చింది. చెయ్యి ఊపి, ఉప్పుకాగితం అందుకున్నాడు.

అద్దాలమ్మ ముగ్గురికీ టీ పోసింది. పెద్దాయన స్టూలు లాక్కుని మేకు పక్కనే కూర్చుని, తన ఇంటి వీధి తలుపు వానకు ఎలా ఉబ్బిపోయిందో అతనికి చెప్పడం మొదలుపెట్టాడు.